తువ్వాలు కింద బుడతకీచు టీము

మా తాత పోర్చుగీసు వాళ్ళను బుడతకీచులు అనేవాడు. పాత పుస్తకాల తెలుగు చదువుకున్న మనిషి. కె.జి.ఎఫ్. బజారులో మా పచారీ అంగడికి వచ్చే గోవా క్రైస్తవులు ఆయన దృష్టిలో బుడతకీచులే. వాళ్ళ పెద్దలు ఇక్కడికి వచ్చిన కాలానికి గోవా ఇంకా పోర్చుగల్ ఏలుబడిలో ఉండేదట. బంగారు గని కంపెనీ ఆఫీసుల్లో గుమాస్తాలుగా, బ్యాండులో వాయించేవాళ్ళుగా, ఆసుపత్రి వంటశాలలో, రొట్టెల బట్టీలో పనికి వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు. మా అంగట్లో వెనిగర్ అడిగేది వాళ్ళే. ఎండుచేప మేము అమ్మమని తెలిసి కూడా ఒకసారి అడిగి, మా తాత మొహం చూసి నవ్వేది వాళ్ళే.

ఆదివారం పూజ అయ్యాక ఆడుకోవడానికి వాళ్ళు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. దాని పేరు పోర్చుగీసు మాటల్లో ఉండేది. బజారులో ఎవరికీ నోరు తిరిగేది కాదు కాబట్టి మాకు అది బుడతకీచు టీము. ఆకుపచ్చ చొక్కాలు, రొమ్ము మీద ఆ నోరు తిరగని పేరు.

నేను అందులో చేరింది ఆట వచ్చి కాదు. ఒక ఎండాకాలం బుడతకీచు టీమూ ఇంకో టీమూ ఒకే సాయంత్రం మైదానం మాదంటే మాదని వచ్చి నిలబడ్డాయి. చూడ్డానికి పోయిన నేను మధ్యలో దూరి బేరం కుదిర్చాను. ముందు వాళ్ళు, ఎండ తగ్గాక మేము. ముందు ఆడనిస్తున్నందుకు వాళ్ళ కొత్త బంతి మాకు వదిలిపోవాలి. వాళ్ళు ఎండలో ఆడిపోయాక మేము చల్లగాలిలో వాళ్ళ బంతితో ఆడుకున్నాం. అప్పటినుంచి క్లబ్బుకు నేను కావలసినవాణ్ణి అయిపోయాను. ఆటలో నన్ను కుడివైపు వెనక నిలబెట్టేవారు. బంతి ఆ వైపు రాకుండా చూసుకోవడం మిగతా పదిమంది పని.

ఇప్పుడు నాకు యాభై దాటింది. గనులు మూతపడి చాలాకాలమైంది. ఇది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక దిగే ఊరు. ఆదివారం ఒక్కటే చేతిలో మిగులుతుంది. ఆ ఒక్కరోజు బంతి తన్నమని ఎవరినైనా అడగాలంటే నాకే నోరు రాదు. బుడతకీచు కుటుంబాలు ఒక్కొక్కటే బెంగళూరుకో, గోవాకో వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్క మనిషి. ఆయన్ని ఊరంతా అంకల్ అంటుంది, నన్ను అంకల్ అని పిలిచే పిల్లలు కూడా. ఒకప్పుడు గోల్‌కీపరు, తర్వాత కోచ్. ఇప్పుడు అధ్యక్షుడూ ఆయనే, కార్యదర్శీ ఆయనే, చిరిగిన గోల్ వల కుట్టేదీ ఆయనే. క్లబ్బు పెట్టినవాళ్ళలో ఆయన తండ్రి ఒకరు. ఆ పేరు పెట్టింది ఆ తండ్రేనట.

పోయినేడు వానలు వెనకబట్టాక అంకల్ మా అంగడికి వచ్చి బియ్యం మూట మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి మాట్లాడతాయి.

“ఎనిమిది మంది ఉండారు శెట్టీ. ఇంగ ముగ్గురు కావాల.”

“ఆ ఎనిమిది మందన్నా వస్తారా అంకల్?”

“వస్తారు. ఒకడు మాలూరు ఫ్యాక్టరీలో షిఫ్ట్ మార్చుకుంటాడంట. ఇంగొకడు పెళ్ళాంతో మాట్లాడతాడంట. ముగ్గురే కావాల.”

ఆ ముగ్గురు దొరకలేదు. జిల్లా లీగ్‌లో ఒక నియమం ఉంది. మొదటి ఆదివారం మైదానంలోకి దిగని టీమును కొట్టేస్తారు. మా క్లబ్బు వయసును బట్టో, పాత గెలుపులను బట్టో ఇంకా పై డివిజన్‌లోనే ఉండేది. పై డివిజన్‌లో ఉండి పదకొండుమంది లేని టీము మాది. పదకొండుమంది కంటే ఎక్కువే ఉండి కింది డివిజన్‌లో పడి ఉన్న టీము ఒకటి కోలారులో ఉంది. దాన్ని పోషించేది ఒక టొమాటో మండీ యజమాని. టేకల్ నుంచి, లక్కూరు నుంచి వచ్చే రైతుల కొడుకులు, మండీలో బాక్సులు మోసే కుర్రవాళ్ళు, వ్యాను డ్రైవర్లు. ఆయనకు మా చోటు కావాలి, మాకు ఆయన మనుషులు కావాలి. రెండు టీములనూ కలిపేద్దామని ఆయనే కబురు పంపాడు.

“నాకు ఒకటే కావాల,” అన్నాడు అంకల్. “పేరు ఉండాల. ఎవురు ఆడినా మా నాయన పెట్టిన పేరుతో ఆడాల. మిగతాది నువ్వు చూసుకో.”

మిగతాది అంటే టీములోని మా పిల్లలు. వాళ్ళు నన్ను విడిగా పట్టుకుని, మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టవద్దు శెట్టన్నా అని చెప్పుకున్నారు.

కోలారుకు బస్సులో పోయాం, నేను, అంకల్, మా కుర్రవాళ్ళు ఇద్దరు. మండీలో ఆ రోజు వేలం అయిపోయింది. నేలంతా నలిగిన టొమాటో, దాని మీద చెప్పు జారకుండా అంకల్ నా భుజం పట్టుకుని నడిచాడు. యజమాని మంచి మనిషే. కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. ఆయన టీము పిల్లలు ఖాళీ బాక్సుల మీద చుట్టూ కూర్చుని మమ్మల్ని పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూస్తున్నారు.

ముందు పేరు దగ్గరే పట్టుకుంది.

“మా మండీ పేరు పెట్టాలప్పా,” అన్నాడు. “చొక్కాలు మావి, వ్యాను మాది, పిల్లోళ్ళు మావాళ్ళు. పేరు ఎవురిదో ఏంటికి?”

“పై డివిజన్‌లో చోటు ఉండేది పేరుకే అన్నా,” అన్నాను. “బస్సులో తువ్వాలేసి సీటు పట్టింటాం. తువ్వాలు తీసేస్తే ఇంగ సీటు యాడ ఉంటాది? పేరు మార్చినారంటే మీరూ మేమూ కలిసి కింది డివిజన్‌లో నిలబడుకోవాల.”

అలాంటి నియమం ఉందో లేదో నాకు తెలియదు. అంకల్‌కు తెలుసేమో, మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. యజమాని సరే, పేరు మీదే ఉండనీ అన్నాడు. నాకు లోపల పొంగింది. అక్కడే ఆగి ఉంటే బాగుండేది.

ఇక తేలవలసింది మా ఎనిమిది మందిలో ఎంతమంది మైదానంలోకి దిగుతారన్నది. చుట్టూ ఆడేవాళ్ళే ఉన్నారు. ఆ సంఖ్య వాళ్ళ ముందు పైకి చెప్పుకోవడం ఆయనకూ ఇష్టం లేదు, నాకూ లేదు. ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు.

“ఇట్ల రా శెట్రే. సుమ్మనే పిల్లోళ్ళకి బేజారెందుకు. కిందనే మాట్లాడుకుందాం.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. మా నాన్న సంతలో వేరుశనగ, మిరపకాయ అలాగే కొనేవాడు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు, దాని కింద వేళ్ళు. పట్టుకున్న వేళ్ళెన్నో సంఖ్య అంత. పైన మొహాలు వానల సంగతో, పిల్లల చదువుల సంగతో మాట్లాడుతూ ఉంటాయి. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి తువ్వాలు కదలికను బట్టి ధర చెప్పేవాణ్ణి. ఈ విద్య ఇంక ఎక్కడా పనికి రాదనుకున్నాను.

“మీరు ఎనిమిది మందే కదా?” అని ఆయన నా వేళ్ళు రెండు పట్టుకున్నాడు.

ఎనిమిది మందిలో ఇద్దరా! నాకు ఒళ్ళు మండింది. మొహంలో ఏమీ కనపడనీయకుండా ఆయనవి నాలుగు పట్టుకున్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత నాతో వచ్చిన మా కుర్రవాళ్ళిద్దరినీ చూశాడు. ఆ చూపులో జాలి లాంటిది ఉంది. బేరంలో అది ఎత్తు అనుకున్నాను. మూడు పట్టాడు. నేను అయిదూ పట్టి వదలకుండా పిసికాను.

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. “నిజంగానా శెట్రే?”

“నిజంగానే అన్నా. ఇంగ తగ్గేది లేదు.”

“నీ ఇష్టమప్పా,” అని తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

తిరిగొచ్చే బస్సులో అంకల్ అడిగాడు. “ఎంతకు తెగినాది?”

“అయిదుగురు.”

“ఇద్దరితో మొదలుపెట్టింటాడే?”

“మీకెట్ల తెలుసు?”

“ఎవురైనా ఇద్దరితోనే మొదలుపెడతారు,” అని ఆయన కళ్ళు మూసుకున్నాడు. బంగారుపేట దాటేదాకా నేను మా వెనక సీట్లో కుర్రవాళ్ళకు బేరం ఎలా చేయాలో చెబుతూనే ఉన్నాను. వాళ్ళు సగం నిద్రలో ఊ కొట్టారు.

మొదటి ఆట మా ఊళ్ళోనే. బంగారం తీసేశాక మిగిలిన పొడి పోసిన సైనైడ్ దిబ్బ పక్క మైదానం. గాలి ఆ వైపునుంచి వీచినప్పుడు బూడిదరంగు పొడి లేచి పళ్ళ మధ్య కరకరలాడుతుంది. మా ఎనిమిది మందీ వచ్చారు. ఫ్యాక్టరీ కుర్రవాడు రాత్రంతా పనిచేసి, ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. యజమాని వ్యానులో టీమును, వెనక టెంపోలో వాళ్ళ తండ్రులను తీసుకొచ్చాడు. తండ్రులు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, టేకల్ నుంచి తెచ్చిన చాప పరుచుకుని కూర్చున్నారు.

యజమాని నిలబడి పేర్లు పిలిచాడు. పదకొండు పేర్లలో మావి మూడు.

అంకల్ నా వైపు చూశాడు. “అయిదు అంటివి కదప్పా?”

ఏదో పొరపాటు అని నేను నవ్వుతూనే యజమాని దగ్గరికి పోయాను. “అన్నా, అయిదు అనుకున్నాం. ఇద్దరిని మరిచిపోయినారు.”

“మరిచిపోలా శెట్రే. అయిదుగురినీ తీసేసినా.”

“తీసేసేదేంది?”

“మరి తువ్వాలు కింద తేల్చుకున్నది ఏంది?” ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “రేటు అందరి ముందరా కూత పెట్టే తేలుస్తాం. మండీలో తువ్వాలు కిందకి పొయ్యేది కోత ఒక్కటే. ఇన్ని బాక్సుల్లో కుళ్ళినవి ఎన్ని తీసేయాల అని. పదిమందిలో నా సరుకు కుళ్ళినాదని ఏ రైతన్నా అనిపించుకుంటాడా? అందుకే తువ్వాలు.”

“అన్నా...”

“నేను ఇద్దరిని తీస్తామంటి. నువ్వు నలుగురిని తీయమంటివి. మనసొప్పక నేను ముగ్గురంటే, నువ్వు అయిదూ పట్టి పిసికితివి. ఏందప్పా ఈ మనిషి, సొంత పిల్లోళ్ళని ఇంత హీనంగా చూస్తాడు అని ఆ పొద్దు నాకు అన్నం సయించలా.”

నేను అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. ఆయన మొదట ఇవ్వజూపింది ఆరుగురిని. నేను గెలిచానని బస్సంతా చెప్పుకున్నది అయిదుగురిని. కష్టపడి, మొహంలో ఏమీ కనపడనీయకుండా, చివరికి తెచ్చింది ముగ్గురిని. మూడు తరాలుగా బజారులో అంగడి పెట్టుకున్న వంశంలో అడిగినకొద్దీ పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

“మీరు మొదట అనుకున్నట్టే ఆరుగురిని దింపుదామన్నా. తప్పు నాది.”

“ఎట్ల మార్చేది?” ఆయన గొంతు తగ్గించి చాప వైపు చూపించాడు. “ఆడతారని చెప్పి వాళ్ళ నాయనోళ్ళనే పిలిపించినా. ఇప్పుడు ముగ్గురిని పక్కకి పొమ్మంటే వాళ్ళు నన్ను ఏమంటారు? నా చేతికి ఏం వచ్చిందని వాళ్ళకి చెప్పేది?”

ఆయన మాటలో న్యాయం ఉంది. మేము ఆడం అంటే క్లబ్బును కొట్టేస్తారు. ఆడితే మా అయిదుగురు మా మైదానంలో గట్టు మీద కూర్చోవాలి. తిరిగొచ్చి అంకల్‌కు జరిగింది చెప్పాను. పిల్లలు వింటున్నారని గొంతు తగ్గించాను, కానీ విన్నారు.

“ఏం శెట్టన్నా,” అన్నాడు వాళ్ళలో ఒకడు, “మమ్మల్ని కుళ్ళు టొమాటోల్లో కలిపేసినావా?”

అందరూ నవ్వారు. ఫ్యాక్టరీ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. కోపం కూడా రాలేదు, దానికే నాకు కష్టమైంది. బూట్ల తాడు విప్పుతూ, “పోతే పోనీలే అన్నా, నిద్రన్నా పోతా,” అన్నాడు.

అంకల్ వాడి చేతుల వైపు చూశాడు. ఒక బూటు తాడు విప్పేదాకా చూసి, రెండో దాని మీదికి చెయ్యి పోగానే, “ఉండనీ రా,” అన్నాడు. నా భుజం పట్టుకుని లేచాడు. మోకాళ్ళు మాట్లాడాయి. మైదానానికి అడ్డంగా యజమాని దగ్గరికి నడిచాడు. వెనకాలే నేను.

“ఏమప్పా,” అన్నాడు అంకల్. “నీ మండీ పేరు పెట్టుకో. మా పిల్లోళ్ళని ఆరుగురిని దింపు.”

యజమాని నా వైపు చూశాడు. “పేరు మారిస్తే చోటు పోతాదని శెట్రు చెప్పినారే?”

“శెట్టి చెప్పేదంతా రేటు పెంచేదానికే. చోటు యాడికీ పోదు.”

లీగ్ తరఫున వచ్చిన మనిషి పక్కనే ఉన్నాడు. ఈ పొద్దు పదకొండుమంది దిగితే చాలు, ఏ పేరు చెబితే ఆ పేరు రాసుకుంటామన్నాడు. అంటే అంకల్‌కు మండీలో మజ్జిగ తాగేటప్పుడే తెలుసు. పేరు కోసం నా అబద్ధాన్ని ఆయన అంతసేపు కదలకుండా కాపాడాడు.

“ఆగండి అంకల్,” అన్నాను. “నేను ఇంగో మాట మాట్లాడతా. సగం మన పేరు, సగం...”

“వద్దు శెట్టీ. నువ్వు ఇంగో మాట మాట్లాడితే ఆ ముగ్గురు కూడా మిగలరు.”

యజమానికి సిగ్గేసింది. గెలిచిన బేరంలో అలా సిగ్గుపడిన వ్యాపారిని నేను చూడలేదు. “చొక్కా మీద కింద చిన్నగా మీ పేరు కూడా వేయిస్తానంకల్,” అన్నాడు.

“చిన్నగా ఏంటికప్పా? అది చదవాలంటే నేను అద్దాలు మార్చుకోవాల. నాకు ఓపిక లేదు.”

యజమాని చాప దగ్గరికి పోయి ఇకనుంచి టీము మన మండీ పేరుతో పై డివిజన్‌లో ఆడుతుందని చెప్పాడు. తండ్రులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ముగ్గురు కుర్రవాళ్ళకు వచ్చే ఆదివారం ఆడిస్తానని మాటిచ్చి పక్కకు తెచ్చాడు. నేను ఆయన పనితనాన్ని నిలబడి చూశాను. చూడటం తప్ప ఆ పూట నాకు చేతనైన పని లేదు.

మా ఆరుగురు బరిలోకి పోబోతే రెఫరీ ఆపాడు. ఒకే టీములో రెండు రంగుల చొక్కాలు కుదరవు. మండీ చొక్కాలు ఎర్రవి, వ్యానులో ఇంకా ఉన్నాయి. మా పిల్లలు కదలకుండా అంకల్ వైపు చూశారు.

“తీయండ్రా,” అన్నాడు. “చొక్కాలే కదా.”

ఒక్కొక్కడే విప్పి ఆయన చేతికిచ్చాడు. బయట ఉండిపోయిన ఇద్దరు కూడా, ఎవరూ చెప్పకుండానే, విప్పి ఇచ్చారు. ఆయన వాటిని మడతపెట్టలేదు. ఉండగా చుట్టి నేల మీద వేసి, దాని మీద కూర్చున్నాడు. ఉత్త నేల కంటే నయంగా ఉందన్నాడు. నేను పక్కన మట్టిలో కూర్చున్నాను.

ఆట మొదలైంది. మొదట్లో మావాళ్ళు మావాళ్ళకే బంతి ఇచ్చుకున్నారు, వాళ్ళవాళ్ళు వాళ్ళవాళ్ళకే. అవతలి టీము పెద్ద కష్టం లేకుండానే మా మీద ఒక గోల్ వేసింది. తండ్రులు నిట్టూర్చారు. కాసేపటికి మా ఫ్యాక్టరీ కుర్రవాడు ఎడమవైపు బంతి పట్టుకుని పరుగెత్తాడు. నిద్ర లేని కాళ్ళు ఎలా కదిలాయో. అంకల్ అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన ఈ గట్టు మీదనుంచి అరిచింది ఒక్క పేరే.

“శెట్టీ, ఇంగ ఏమని అరవాల?”

మండీ పేరు చెప్పాను. అది యజమాని తండ్రి పేరుతో మొదలై, టొమాటోలు, కాయగూరలు, కమిషన్ ఏజెంట్లు అన్నీ దాటుకుంటూ పోతుంది. అంకల్ మర్యాదగా మొదటినుంచీ మొదలుపెట్టాడు. పేరులో కాయగూరల దాకా వచ్చేసరికి బంతి అవతలి గోల్ దగ్గరనుంచి తిరిగి మా గోల్ దగ్గరికి వచ్చేసింది. ఆయన దగ్గాడు. గాలికి దిబ్బ మీది పొడి లేస్తోంది.

“పోనీ అంకల్, ఊరుకోండి,” అన్నాను.

ఆయన ఊరుకోలేదు. అరచేయి నోటి పక్కన పెట్టుకుని, “ఆడండ్రా!” అని అరిచాడు.

మావాళ్ళు ఆరుగురూ తిరిగి చూశారు. మండీ వాళ్ళలో ఒకడు, టేకల్ కుర్రవాడు, వాడు కూడా చూశాడు.